చర్చ: థెవెనిన్ సర్క్యూట్‌ను నమ్మి లోపలి నష్టం లెక్కగట్టవచ్చా?

నాగావళి_మాస్టారు (విజయనగరం)
బ్యాటరీలు, రెసిస్టర్లతో కట్టిన ఎంత చిక్కు సర్క్యూట్‌నైనా రెండు కొసల నుంచి చూస్తే ఒక వోల్టేజి సోర్సు, దానికి శ్రేణిలో ఒక రెసిస్టెన్స్‌గా కుదించవచ్చన్నది థెవెనిన్ సిద్ధాంతం; ఆ కుదించినదే తుల్య సర్క్యూట్. దాని మీద మా డిప్లొమా విద్యార్థి రాసిన జవాబు ఒకటి ఇక్కడ పెడుతున్నాను. 12 వోల్టుల బ్యాటరీ, దానికి శ్రేణిలో 6 ఓములు, ఆ తరువాత అడ్డంగా 3 ఓములు. 3 ఓముల కొసల నుంచి చూస్తే థెవెనిన్ వోల్టేజి 4, రెసిస్టెన్స్ 2 ఓములు. అక్కడ 2 ఓముల లోడు పెడితే 1 ఆంపియరు వెళుతుంది, లోడుకు 2 వాట్లు అందుతాయి. ఇంతవరకు సరే. తుల్య సర్క్యూట్‌లో లోపల కూడా 2 వాట్లే పోతున్నాయి కాబట్టి సామర్థ్యం 50 శాతం అని రాశాడు. దిద్దినవారు పూర్తి మార్కులు వేశారు! అసలు సర్క్యూట్‌లో బ్యాటరీ ఇస్తున్నది 20 వాట్లు. లోడుకు చేరేది అందులో పదో వంతు.

టెక్కలి_వైండర్
డబ్బాలో పెట్టి మూత బిగించే చదువుకు ఫలితం ఇదే. ముందు లోపల ఏముందో చూడడం నేర్పండి, కుదించడం తరువాత. మోటారు వైండింగ్ దుకాణం నడుపుతున్నాను. నా దగ్గరకు వచ్చే డిప్లొమా పిల్లలు లెక్క చకచకా చేస్తారు. మీటరు ఎక్కడ ఆనించాలో మాత్రం తెలియదు.

చరిత్ర_ప్రియ
థెవెనిన్ ఈ సిద్ధాంతం ప్రకటించింది 1883లో. హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చెప్పాడు. ఆయన పేరు ఎందుకు పెట్టరు?

నాగావళి_మాస్టారు
వైండర్ గారూ, తప్పు సిద్ధాంతానిది కాదు. అది కొసల దగ్గర వోల్టేజికీ కరెంటుకూ మాత్రమే హామీ ఇస్తుంది. లోపల ఎంత వేడి పుడుతుందో చెబుతానని ఎన్నడూ అనలేదు. పై సర్క్యూట్‌లోనే లోడు తీసేసి చూడండి. అసలు దానిలో 16 వాట్లు కాలుతున్నాయి. థెవెనిన్ రూపంలో సున్నా. 2 ఆంపియర్ల కరెంటు సోర్సు, దానికి సమాంతరంగా అదే 2 ఓములు ఉండే నార్టన్ రూపంలో 8. బయట నుంచి మూడూ ఒకటే, లోపల మూడు రకాలు. ఈ ఒక్క ఉదాహరణను బోర్డు మీద వేస్తే ఏ విద్యార్థీ ఆ జవాబు రాయడు.

గరివిడి_రిటైర్డ్
మన లోడులన్నీ మోటార్లు, ఎల్‌ఈడీలు. అవి రేఖీయం కావు, అంటే వోల్టేజి పెరిగినంత నిష్పత్తిలో కరెంటు పెరగదు. కనుక మన ఊళ్లలో ఈ సిద్ధాంతం చెల్లదు.

నాగావళి_మాస్టారు
లోడు ఏదైనా కావచ్చండీ. మనం కుదించే భాగం రేఖీయమైతే చాలు.

పలాస_సోలార్
కుదించే భాగమే రేఖీయం కానిది మా దగ్గర ఉంది. మా మేడ మీది సోలార్ పలక వెనుక ఓపెన్ వోల్టేజి 46, షార్ట్ కరెంటు 9, గరిష్ఠ శక్తి 330 వాట్లు అని ఉంది. 46ను 9తో భాగించి అదే లోపలి రెసిస్టెన్స్ అనుకుంటే, సగం వోల్టేజి, సగం కరెంటు దగ్గర గరిష్ఠంగా 103.5 వాట్లే రావాలి. పలకకు ఈ లెక్క పనికిరాదు.

టెక్కలి_వైండర్
చూశారా! ఎక్కడ చెల్లుతుందో తెలియని పిల్లవాడికి ఇది ఇవ్వకూడదు. నా అనుభవం వినండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మా వైపు లైన్లన్నీ కొత్తగా లాగారు. చివరి ఇళ్లలో లోడు లేనప్పుడు 220 వోల్టులు, 10 ఆంపియర్ల హీటరు పెడితే 200. ఒక ఇంజనీరు వచ్చి ట్రాన్స్‌ఫార్మరు, లైను, సర్వీసు వైరు అన్నీ కలిపి 2 ఓములు అని కాగితం మీద రాసుకుని, దూరం ఎక్కువ కాబట్టి ఇంతే అని వెళ్లిపోయాడు. నేను స్తంభం స్తంభం తిరిగాను. ఒక చోట జంపరు (రెండు తీగలను కలిపే ముక్క) వదులుగా ఉండి కాలి నల్లబడింది. మీ 2 ఓములు ఆ స్తంభం చూపించాయా?

నాగావళి_మాస్టారు
స్తంభాన్ని చూపించవు, ప్రమాదాన్ని చూపించాయి. ఆ ఇంజనీరు చదవలేదు, అంతే. 220ని 2తో భాగించండి. ఆ ఇంట్లో షార్ట్ అయితే వచ్చే కరెంటు 110 ఆంపియర్లు. ఇంటికి 32 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్) ఉంటే, అది తక్షణం పడడానికి 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 110కి వేడెక్కి కొన్ని సెకన్ల తరువాత పడుతుంది, ఈలోగా వైరు కాగుతూ ఉంటుంది. నిజంగా షార్ట్ చేయకుండా రెండు రీడింగులతో ఈ సంగతి తెలిసింది. మీరు స్తంభాలు ఎక్కి కనిపెట్టగలిగేది కాదు ఇది.

టెక్కలి_వైండర్
స్తంభాలు ఎక్కేవాడికి తెలియదని అంటున్నారు.

నాగావళి_మాస్టారు
నేను అలా అనలేదు.

టెక్కలి_వైండర్
అదే అన్నారు. మా అబ్బాయికీ అదే జరిగింది. పరీక్షలో నోడ్ పద్ధతిలో, అంటే తీగలు కలిసే చోట్ల వోల్టేజీలతో లెక్కగట్టి, సరైన జవాబు రాశాడు. థెవెనిన్ వాడలేదని సగం మార్కులు కోశారు. అడగడానికి వెళితే, వైండింగ్ ఇంట్లో పెరిగినవాడికి సిద్ధాంతం ఎందుకులే అన్నారట. చేత్తో పట్టుకుని నేర్చుకున్నది మీకు చదువు కాదు. నా గొడవ థెవెనిన్‌తో కాదు, దీనితో.

చరిత్ర_ప్రియ
నార్టన్ 1926లో రాశాడు, అదే సంవత్సరం జర్మనీలో మేయర్ కూడా ప్రకటించాడు. ఆయన పేరూ మరిచిపోయారు.

నాగావళి_మాస్టారు
ఆ మాట అన్నవారు ఎవరైనా తప్పే అన్నారు. థెవెనిన్ వాడమని ప్రశ్నలోనే ఉంటే మార్కులు తగ్గించడం మాత్రం న్యాయమే, ఆ మాటకు కట్టుబడతాను. పద్ధతిని పరీక్షించే ప్రశ్న అది.

టెక్కలి_వైండర్
అయితే పైన 50 శాతం అని రాసిన పిల్లవాడికి పద్ధతి వాడినందుకు పూర్తి మార్కులు, మావాడికి సరైన జవాబుకు సగం. ఇది న్యాయమా?

బొబ్బిలి_డిప్లొమా
మాస్టారూ, రేపు పరీక్ష ఉంది. ట్రాన్సిస్టర్ నమూనాలో ఆధారిత సోర్సు (మరో చోటి వోల్టేజినో కరెంటునో బట్టి మారేది) ఉంటే రెసిస్టెన్స్ కనుక్కునేటప్పుడు దాన్నీ తీసేయాలా?

నాగావళి_మాస్టారు
తీయకూడదు. స్వతంత్ర సోర్సులనే తీయాలి: వోల్టేజి సోర్సు ఉన్న చోట షార్ట్, కరెంటు సోర్సు ఉన్న చోట ఓపెన్. తరువాత కొసల నుంచి 1 ఆంపియరు పంపినట్టు వేసుకుని వచ్చే వోల్టేజి చూడు. అదే రెసిస్టెన్స్ విలువ.

టెక్కలి_వైండర్
బాబూ, పరీక్ష అయ్యాక ఆ సర్క్యూట్‌ను బల్ల మీద కట్టి కూడా చూడు. మాస్టారూ, నేను అడిగినదానికి ఇంకా జవాబు ఇవ్వలేదు.