అప్‌డేట్: గ్యాస్ సిలిండర్ 27 రోజులకే అయిపోతోందన్న సమస్య తీరింది

నలుగురం ఉన్న మా ఇంట్లో 40 రోజులు వచ్చే సిలిండర్ 27 రోజులకే అయిపోతోందని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. మంట పసుపుగా ఉందేమో చూడమన్నవారి మాటే నిజమైంది. గిన్నెల అడుగున మసి పడుతున్నా నేను పట్టించుకోలేదు. స్టవ్ మెకానిక్ విప్పి చూస్తే గాలి వెళ్ళే దారి, బర్నర్ రంధ్రాలు జిడ్డుతో పూడుకుపోయి ఉన్నాయి. శుభ్రం చేశాక మంట నీలంగా వస్తోంది. కుక్కర్ గ్యాస్కెట్ కూడా సాగిపోయి ఆవిరి పక్కనుంచి పోతోంది, అదీ మార్చాం. కందిపప్పు అరగంట నానబెడితే రెండు విజిల్స్ తగ్గాయని అత్తయ్య సంతోషపడుతున్నారు.

తూకంలో తేడా అన్న నా అనుమానం తప్పు. కొత్త సిలిండర్ తూచి, దానిమీద రాసిన ఖాళీ బరువు తీసేస్తే 14.2 కిలోలు సరిగ్గా ఉంది. సబ్బు నురగ రాసి చూశాం, లీకూ లేదు. ఈసారి 38 రోజులు వచ్చింది.