మోడలర్ నుంచి ఒక లైను క్యాబినెట్‌కి, ఒక లైను మైక్ సెట్‌కి ఎలా ఇవ్వాలండి?

రాజోలు_స్ట్రింగ్స్:

నమస్తే అండి అందరికీ. మాది రాజోలు పక్కన పల్లెటూరు, చర్చిలో గిటారు వాయిస్తా, డిసెంబరు జనవరిల్లో బయట ఆర్కెస్ట్రాలకి కూడా వెళ్తుంటా. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ తీసుకున్నా, అదే యాంపులు, ఎఫెక్టుల సౌండ్లని డిజిటల్‌గా ఇచ్చే మోడలర్ పెడల్. మా మావయ్య గారి దగ్గర ఎప్పట్నుంచో రెండు 12 అంగుళాల స్పీకర్లున్న గిటారు క్యాబినెట్, దానిమీద పెట్టే ట్రాన్సిస్టర్ యాంప్ హెడ్ ఒకటి ఉన్నాయి, అవి కూడా నాకే ఇచ్చేశారు. నాకేమో స్టేజీ మీద వెనకాల క్యాబినెట్ మోగుతుంటేనే వాయించబుద్ధవుద్ది, ఆ గాలి కాళ్ళకి తగలాలి. కానీ జనానికి మైక్ సెట్ బాక్సుల్లోంచి కూడా వినపడాలి కదా.

మొన్న చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు వైపు ఒక సెమీ క్రిస్మస్ ప్రోగ్రామ్‌కి వెళ్ళాం, కోసేసిన చేలో స్టేజీ వేశారు. స్టాంప్ లెఫ్ట్ అవుట్‌లోంచి యాంప్ హెడ్ ముందున్న ఇన్‌పుట్‌కి ఒక కేబులు, రైట్ అవుట్‌లోంచి మిక్సర్‌కి ఇంకో కేబులు, అది 25 మీటర్లు పైనే ఉంటది, మామూలు గిటారు కేబుల్నే అతికించి పొడుగు చేశారు. ప్యాచ్‌లో, అంటే సేవ్ చేసుకున్న సెట్టింగులో, ఓవర్‌డ్రైవ్, యాంప్, క్యాబ్ (క్యాబినెట్ సౌండు నకలు), డిలే (ఎకో), రివర్బ్ ఇదే వరస. క్యాబినెట్లో సౌండు దుప్పటి కప్పి వాయించినట్టు వచ్చింది. సరే అని క్యాబ్ బ్లాక్ ఆపేస్తే క్యాబినెట్ బాగా పలికింది గానీ బాక్సుల్లో కందిరీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద, కీబోర్డు వాయించే తమ్ముడు చెవులు మూసుకున్నాడు. దానికి తోడు పాట ఆగినప్పుడల్లా గుయ్ మని హమ్. ఎకో కూడా జనం వైపు ఒక దెబ్బ వినపడుద్ది, ఒక దెబ్బ వినపడదు.

నెలాఖర్లో మళ్ళీ ప్రోగ్రాములు ఉన్నాయి. రెండు చోట్లా బాగా రావాలంటే ఎలా కలపాలో తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

తణుకు_టోన్:

తమ్ముడూ, నీ బాక్సు పాడవలేదు, కంగారు పడకు. నీకు వచ్చిన రెండు సౌండ్లలోనే జవాబు ఉంది.

గిటారు స్పీకరు అనేది మామూలు పాటల స్పీకరు లాంటిది కాదు, సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక అది దాదాపు పలకదు. డిస్టార్షన్‌లో ఉండే ఆ గీరుడు అంతా స్పీకరే మింగేస్తది. మోడలర్‌లో క్యాబ్ బ్లాక్ చేసే పని కూడా అదే, స్పీకరు, దాని ముందు మైకు ఎలా పలుకుతాయో ఆ ముద్ర వేస్తది. నువ్వు క్యాబ్ బ్లాక్ ఆన్ చేసి నిజం క్యాబినెట్‌కి పంపావు కాబట్టి రెండుసార్లు మింగింది, అందుకే దుప్పటి. ఆపేసి మైక్ సెట్‌కి పంపావు కాబట్టి మింగేవాళ్ళే లేరు, ఆ బాక్సుల్లో హారన్లు 15 కిలోహెర్ట్జ్ దాకా ఉన్నదంతా కక్కేస్తాయి, అవే నీ కందిరీగలు. క్యాబినెట్‌కి క్యాబ్ బ్లాక్ లేని సిగ్నల్ వెళ్ళాలి, మిక్సర్‌కి క్యాబ్ బ్లాక్ ఉన్నది వెళ్ళాలి. ఒకే ప్యాచ్‌లో రెండూ అవుతాయి.

స్టాంప్‌లో దీనికి సెండ్ వాడు, అంటే వరస మధ్యలోంచి సిగ్నల్ కాపీ ఒకటి బయటికి తీసే దారి. వరస ఇలా మార్చు: ఓవర్‌డ్రైవ్, యాంప్, డిలే, రివర్బ్, తర్వాత సెండ్ బ్లాక్, అన్నిటికన్నా చివర క్యాబ్. క్యాబ్‌ని చివరికి తోసేస్తే ఎకో చెడిపోద్దేమో అనుకుంటారు చాలామంది, చెడిపోదు, క్యాబ్ అనేది ఒక ఫిల్టరు లాంటిదే కాబట్టి డిలేకి ముందున్నా వెనకున్నా చెవికి అదే సౌండు. అలా పెడితే క్యాబినెట్‌కి కూడా ఎకో, రివర్బ్ అందుతాయి. సెండ్ బ్లాక్‌లో డ్రై త్రూ అని ఒకటి ఉంటది, దాన్ని సున్నా డీబీ దగ్గరే ఉంచు, తగ్గిస్తే మిక్సర్‌కి వెళ్ళే సౌండు కూడా పడిపోద్ది.

వెనకాల సెండ్ జాక్‌లోంచి మామూలు మోనో కేబులు తీసి యాంప్ హెడ్‌కి వెళ్ళు, ముందు ఇన్‌పుట్‌కి మాత్రం వద్దు. హెడ్ వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ అని ఉందా చూడు, అందులో పెట్టు. ముందు పెడితే స్టాంప్‌లో ఒక ప్రీయాంప్ (టోన్ దిద్దే మొదటి భాగం), హెడ్‌లో ఇంకో ప్రీయాంప్ రెండూ కలిసి బురదవుద్ది. రిటర్న్‌లో పెడితే హెడ్ వట్టి పవర్ యాంపులాగా పనిచేస్తది. లెవల్ చాలకపోతే గ్లోబల్ సెట్టింగ్స్‌లో సెండ్‌ని ఇన్‌స్ట్రుమెంట్ నుంచి లైన్‌కి మార్చు, కానీ మొదట తక్కువ మీదే మొదలెట్టు.

మిక్సర్‌కి మెయిన్ లెఫ్ట్ ఒక్కటే తియ్యి. రైట్‌లో ఏమీ పెట్టకపోతే లెఫ్ట్ జాక్ రెండు వైపులా కలిపి మోనో ఇస్తది. నీ ఎకో సగం పోవడానికి కారణం అదే, పింగ్ పాంగ్ డిలే ఒక దెబ్బ లెఫ్ట్‌కి ఒక దెబ్బ రైట్‌కి కొడుతుంటే జనానికి రైట్ దెబ్బలే వెళ్ళాయి.

మైక్‌సెట్_భీమవరం:

నేను అవతలి వైపు మనిషినండి, మిక్సర్ వెనకాల కూర్చునేవాణ్ణి. పైన అన్నగారు చెప్పిన లైనింగ్ కరెక్టు. హమ్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే మన వైపు చేలల్లో, కొబ్బరితోటల్లో వేసే స్టేజీల్లో ఎక్కువగా వచ్చేది ఈ గొడవే.

మీ యాంప్ హెడ్ స్టేజీ మీద సాకెట్లో పెట్టారు. మిక్సర్ ఏమో అవతల జనరేటర్ నుంచి వచ్చిన వేరే లైన్లో ఉంటది. రెండు చోట్లా ఎర్త్ ఒకే మట్టంలో ఉండదండి, కొంచెం తేడా ఉంటది. మీరు మామూలు కేబులు లాగారు కదా, దాని పైన ఉండే షీల్డు ఆ రెండు ఎర్త్‌లనీ కలిపేస్తది, ఆ తేడా అంతా షీల్డులో పారుద్ది, గుయ్ మనేది అదే. పైగా 25 మీటర్ల అన్‌బ్యాలెన్స్‌డ్ కేబులంటే, అదే ఒక్క సిగ్నల్ తీగ, షీల్డు మాత్రమే ఉన్న కేబులంటే, ఏరియల్ లాంటిది, సీరియల్ లైట్ల రొద కూడా లాగేస్తది.

దీనికి డీఐ బాక్స్ కొనుక్కోండి, గిటారు లైనుని మైక్ కేబుల్లో పంపేలా మార్చే చిన్న పెట్టె అది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్యాసివ్‌ది అయితే మేలు. స్టాంప్ మెయిన్ లెఫ్ట్ నుంచి చిన్న కేబుల్తో డీఐకి, డీఐ నుంచి మైక్ కేబుల్తో అంటే ఎక్స్‌ఎల్‌ఆర్‌తో మాకు ఇవ్వండి, 25 మీటర్లేంటి 50 మీటర్లయినా భయం లేదు. హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఎత్తండి, అది షీల్డు దారిని తెంచుద్ది. మెయిన్ అవుట్ లైన్ లెవల్లో ఉంటే డీఐ మీద ప్యాడ్ (లెవల్ తగ్గించే స్విచ్) నొక్కండి, లేకపోతే స్టాంప్‌లోనే మెయిన్ అవుట్‌ని ఇన్‌స్ట్రుమెంట్ లెవల్‌కి పెట్టుకోండి. ఇంకోటి, కొన్ని మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అన్ని ఛానళ్ళకీ ఒకటే బటన్ ఉంటది, మేము కండెన్సర్ మైకుల కోసం ఆన్ చేస్తాం. స్టాంప్‌ని జాక్ టు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్తో నేరుగా తగిలిస్తే ఆ వోల్టేజి మీ అవుట్‌పుట్ మీదకి వస్తది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఆ భయం ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, దయచేసి అందరూ చదవండి. హమ్ పోవాలని యాంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళని కళ్ళారా చూశాను. చెయ్యకండి. ఎర్త్ లేని యాంప్‌లో లోపల ఏదన్నా లీకయితే కరెంటు నేరుగా గిటారు తీగల మీదకి వస్తది, పెదాలు మైకుకి తగిలితే మీ ఒంట్లోంచే దారి వెతుక్కుంటది. కింద చూస్తే తడి మన్ను, చేలో స్టేజీ అంటే కాళ్ళ కింద చెమ్మే కదా. వాయించే ముందు గిటారు తీగకీ మైకు జాలీకీ మధ్య మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి చూడండి, చేత్తో తాకి చూడొద్దు, వోల్టేజి చూపించిందంటే పాట మొదలెట్టొద్దు, మా వాళ్ళని పిలవండి. మైకు మీద స్పాంజి కవరు తొడుక్కున్నా కొంత కాపాడుద్ది గానీ అది మందు కాదు. వీలైతే స్టేజీ మొత్తానికీ మిక్సర్‌కీ ఒకే చోట నుంచి లైన్ లాగమని అడగండి, అడగడం మీ హక్కు, మంచి మైక్ సెట్ వాళ్ళెవరూ విసుక్కోరు.

కాకినాడ_బేస్:

అసలు క్యాబినెట్ మోసుకెళ్ళడం ఎందుకు? స్టాంప్ నుంచి మిక్సర్‌కి ఒక్క లైను ఇచ్చి, మీ ముందు మానిటర్లో గిటారు వేయించుకుంటే అయిపోద్ది కదా. చిన్న చర్చిల్లో వెనకాల క్యాబినెట్ మోగితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి వాక్యం వినపడదు. మా దగ్గర అందుకే తీసేశాం.

గౌతమి_ఆరుతీగలు:

కాకినాడ గారి మాట చర్చి లోపల వరకూ నిజమే. బయట పెద్ద స్టేజీ మీద మాత్రం నేను ఒప్పుకోను, మానిటర్లో అందరి పాటలూ కలిసి వస్తాయి, వెనకాల సొంత క్యాబినెట్ ఉంటే చెయ్యి మెత్తగా వేస్తే మెత్తగా, గట్టిగా వేస్తే గట్టిగా అక్కడికక్కడే తెలుస్తది, ఫీడ్‌బ్యాక్‌తో నోట్ నిలబెట్టొచ్చు. కానీ క్యాబినెట్ పక్కనే ఉన్నప్పుడు మీ మానిటర్లో గిటారు వేయించుకోవద్దు. శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుద్ది, ఒకే సౌండు రెండు దూరాల నుంచి వచ్చి చెవిలో ఢీకొంటే కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుని డొల్లగా వినపడుద్ది. క్యాబినెట్‌ని నేలమీద కాకుండా కుర్చీ మీదో రోడ్ కేస్ మీదో పెట్టి చెవి వైపు వాల్చండి, 12 అంగుళాల స్పీకరు పదునంతా తిన్నగా టార్చి లైటులా కొడుద్ది, నేలమీద ఉంటే అది మీ మోకాళ్ళకి, ముందు వరస వాళ్ళ మొహాలకి పోద్ది, మీకు వినపడక వాల్యూమ్ పెంచేస్తారు.

మావయ్య గారి పాత సరుకు అన్నారు కాబట్టి ఓమ్స్, అంటే స్పీకరు కరెంటుకి ఇచ్చే అడ్డు ఎంతో, చూసుకోండి. స్పీకరు కేబుల్ రెండో చివర మల్టీమీటర్ పెడితే అసలు అంకె కన్నా కొంచెం తక్కువ చూపిస్తది, 8 ఓమ్స్ క్యాబినెట్ అయితే 6, 7 దగ్గర, 4 అయితే 3 పైచిలుకు, 16 అయితే 13 దగ్గర. హెడ్ వెనకాల కనీసం ఇన్ని ఓమ్స్ అని రాసి ఉంటది, అంతకన్నా తక్కువ క్యాబినెట్ తగిలిస్తే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఎక్కువైతే నష్టం లేదు, సౌండు తగ్గుద్ది అంతే. వాల్వ్ హెడ్ అయితే లెక్క వేరు, దాన్ని క్యాబినెట్ తగిలించకుండా ఆన్ చెయ్యనే కూడదు. హెడ్ నుంచి క్యాబినెట్‌కి స్పీకరు కేబులే వాడండి, గిటారు కేబులు చూడ్డానికి అలాగే ఉంటది గానీ లోపల తీగ సన్నం, వేడెక్కుద్ది. స్పీకర్ అవుట్‌ని ఎప్పుడూ మిక్సర్‌లో గానీ డీఐలో గానీ పెట్టొద్దు, స్పీకర్ లెవల్ తీసుకోగలదని రాసున్న డీఐ అయితే తప్ప.

రాజోలు_స్ట్రింగ్స్:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. హెడ్ వెనకాల రిటర్న్ ఉంది, ఇన్నాళ్ళూ దాని మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. మీటర్ పెడితే 6.8 చూపించింది అంటే 8 ఓమ్స్, హెడ్ మీద కనీసం 4 అని రాసుంది కాబట్టి ఇబ్బంది లేదు. అమలాపురంలో తెలిసినాయన దగ్గర ప్యాసివ్ డీఐ దొరికింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలోనే గంటసేపు కూర్చుని మొత్తం మళ్ళీ పెట్టాను. హమ్ కొంచెం ఉంది, గ్రౌండ్ లిఫ్ట్ ఎత్తగానే పోయింది, ఎర్త్ పిన్ను జోలికి పోలేదు. క్యాబినెట్ సౌండుకి మా మావయ్య గారే లేచి వచ్చి వెనకాల చెయ్యి పెట్టి చూశారు.

రెండు సందేహాలు మిగిలాయి. బాక్సుల్లో గిటారు ఇంకా కొంచెం చురుక్కుమంటుంది, క్యాబినెట్లో మాత్రం సరిగ్గా ఉంది, ఏది తిప్పాలి? ఇంకా, క్యాబినెట్ తీసుకెళ్ళని చోటికి వేరే ప్యాచ్ చేసుకోవాలా?

తణుకు_టోన్:

సెండ్‌కి ముందు ఏది తిప్పినా రెండు చోట్లా మారుద్ది, తర్వాత తిప్పితే మిక్సర్ వైపే మారుద్ది. కాబట్టి యాంప్ బ్లాక్‌లో బాస్, ట్రెబుల్ అన్నీ క్యాబినెట్ విని సరిచేసుకో, దాని జోలికి ఇంక వెళ్ళకు. తర్వాత క్యాబ్ బ్లాక్‌లో హై కట్ 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య, లో కట్ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి బాక్సుల్లో విను, ఆ చురుకు దిగుద్ది, కింద బేస్ గిటారుకి కూడా చోటు దొరుకుద్ది. స్టాంప్ మీద పెద్ద వాల్యూమ్ నాబ్ మెయిన్ అవుట్‌కే, సెండ్‌కి పట్టదు, అందుకని దాన్ని ఒకచోట పెట్టి వదిలెయ్యి, ప్రోగ్రామ్ మధ్యలో తిప్పితే మిక్సర్ దగ్గర ఆయనకి లెవల్ తప్పుద్ది. స్టేజీ సౌండు పెంచాలంటే హెడ్ మీద మాస్టర్ తిప్పుకో, ఒకవేళ రిటర్న్‌లో పెడితే ఆ నాబ్ పనిచెయ్యకపోతే సెండ్ బ్లాక్‌లో లెవల్ ఉంది.

వేరే ప్యాచ్ అక్కర్లేదు. సెండ్ జాక్‌లో ఏమీ లేకపోతే సిగ్నల్ అలాగే ముందుకెళ్ళి క్యాబ్ మీదుగా మిక్సర్‌కి పోద్ది.

మైక్‌సెట్_భీమవరం:

ప్రోగ్రామ్ రోజున గంట ముందు రండి, డీఐ మీ చేత్తోనే తెచ్చి "గిటారు లైను, మోనో, ఫాంటమ్ అక్కర్లేదు" అని మిక్సర్ దగ్గర కూర్చున్నాయనకి చెప్పండి. ముందు బాక్సుల్లో గిటారు సెట్ చేయించుకుని, క్యాబినెట్ ఆ తర్వాత పెంచుకోండి.