కావలిలో ముద్ద మందారం: మొగ్గలు పండిపోయి రాలుతున్నాయి, ఏం చేయాలి?

కావలి_పెరడు
మాది సముద్రం వైపు, ఇసుక కలిసిన నేల. మూడేళ్ల ఎర్ర ముద్ద మందారం నేలలో ఉంది, రెండు హైబ్రిడ్లు కుండీల్లో ఉన్నాయి. మూడింటికీ బోరు నీళ్లే, రోజూ చెంబెడు చొప్పున. నెలకోసారి గుప్పెడు డీఏపీ వేస్తున్నాం. చిగురాకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మొగ్గ శనగగింజంత కాగానే పండి రాలిపోతోంది. కొమ్మల చివర తెల్లటి దూదిలాంటిది కూడా ఉంది. పూలతో తలనూనె కాచుకోవాలని ఉంది కాబట్టి ఘాటు మందులు వద్దు.

ఒంగోలు_మిద్దెతోట
ముందు డీఏపీ ఆపండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే అది ఇనుము అందకపోవడమే. మట్టిలో ఇనుము ఉన్నా, బోరు నీళ్లలోని బైకార్బనేట్ల వల్ల క్షారగుణం పెరిగి వేరు దాన్ని తీసుకోలేదు. దానిమీద డీఏపీలోని భాస్వరం చేరితే ఆ కాస్త ఇనుమూ బిగుసుకుపోతుంది. మందారానికి భాస్వరం పెద్దగా అక్కర్లేదు, కావాల్సింది పొటాష్. అది కూడా మ్యూరియేట్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు మీద ఉప్పు వేసినట్టే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి.

ఆకులకు: లీటరు మంచినీళ్లలో ముందు నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కరిగించి, తర్వాత అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు వేయండి. వరస తప్పొద్దు. నీళ్లు తుప్పురంగుకు తిరిగితే ఇనుము పనికి రాకుండా పోయినట్టే, పారబోసి మళ్లీ కలపండి. ఏరోజుది ఆరోజే వాడాలి. సాయంత్రం పూట లేతాకులు తడిసేలా, పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లండి. ముదిరి పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురును చూసి ఫలితం తేల్చుకోవాలి. గచ్చు మీద పడితే మరక పోదు, కుండీని పక్కకు జరిపి కొట్టండి.

రోజూ చెంబెడు పోయడం కూడా తప్పే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. ముదురాకుల అంచులు మాడుతున్నాయా, కుండీ అంచున తెల్లటి పొర కడుతోందా చూడండి. పైమట్టి అంగుళం లోతు ఆరాక, అడుగు చిల్లు నుంచి కారేదాకా ఒకేసారి పోయాలి. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) ఎంతుందో చూసి చెప్పండి.

మొక్కల_పిచ్చి_నెల్లూరు
ఆ దూది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. చీమలు పాకుతున్నాయేమో చూడండి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడి కొమ్మకొమ్మకూ చేరేస్తాయి. చీమల్ని ఆపకుండా ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ వస్తుంది. గోడకు ఆనుకున్న కొమ్మలు తీసేయండి. ముడుచుకుపోయిన చివళ్లు కత్తిరించి సబ్బునీళ్లలో ముంచండి, ఎరువు గుంతలో వేయకండి. మిగతావాటిని పైపు నీళ్ల జోరుతో కడిగాక, 5 మి.లీ. వేపనూనెను 1 మి.లీ. గిన్నెలు తోమే సబ్బు ద్రావణంలో బాగా కలిపి, తర్వాతే లీటరు నీళ్లలో పోసి చల్లండి. వారానికోసారి, మూడు వారాలు. దూదిసంచిలో గుడ్లుంటాయి, ఒక్కసారితో చావవు. అన్నభేది కొట్టిన రోజున వేపనూనె వద్దు. ఎండలోనూ వద్దు, ఆకు మాడుతుంది.

రాలిన మొగ్గను చీల్చి చూడండి. లోపల సన్నటి తెల్లపురుగులుంటే అది మొగ్గతొలిచే ఈగ. అప్పుడు రాలినవన్నీ రోజూ ఏరేయాలి, లేకుంటే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది.

కావలి_పెరడు
మొగ్గల్లో పురుగు లేదు. చీమలు మాత్రం బారులు కట్టి ఉన్నాయి. టీడీఎస్ 1450 చూపిస్తోంది. ఆర్ఓ మిషన్ వదిలే నీళ్లు పోయొచ్చా?

ఒంగోలు_మిద్దెతోట
ఆర్ఓ వదిలే నీళ్లు అసలు పోయకండన్నా. మీ బోరులోని ఉప్పే అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. 1450 అంటే ఈసీ (నీళ్ల ఉప్పదనాన్ని చెప్పే విద్యుత్ వాహకత) 2.3 దాకా వచ్చినట్టు. ఈసీ 1 లోపుంటే దిగుల్లేదు, 2 దాటితే మందారం ఓర్చుకోలేదు. మొగ్గలు రాలడానికి అసలు కారణం ఇదే, పిండినల్లి దానికి తోడైంది.

మున్సిపాలిటీ నీళ్లు దొరికితే సగానికి సగం కలపండి. కుండీలకు పదిహేను రోజులకోసారి, కుండీ పట్టేదానికి రెండింతల మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడిగేయండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే పెద్ద వైద్యం. మిద్దె నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. తుపాను రోజుల్లో పాదులో నీళ్లు నిలవకుండా గండి కొట్టండి, వేరు కుళ్లితే కూడా ఇలాగే మొగ్గ రాలుతుంది.

హైబ్రిడ్లు నాటు ముద్ద మందారమంత మొండివి కావు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక నీడ ఉండాలి. కుండీ మార్చేటప్పుడు నర్సరీ బంకమట్టి ముద్దను నీళ్లలో నానబెట్టి సగం వదిలించండి, లేకుంటే నీళ్లు ముద్ద పక్కనుంచే జారిపోతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, మాగిన పశువుల ఎరువు ఒకటి. ఇసుక పెన్నదైనా సరే, బీచి ఇసుక మాత్రం వద్దు.

పూలసజ్జ
నూనె సంగతి. మందు కొట్టినవి కాకుండా ఆ తర్వాత పూసినవి కోయండి. పది పూలు, గుప్పెడు ఆకు నీడలో వాడ్చి, పావు లీటరు కొబ్బరినూనెలో సన్నసెగ మీద బుడగలు ఆగేదాకా కాచాలి. బుడగ ఉందంటే తేమ ఉన్నట్టే, ఆ నూనె బూజుపట్టి కంపు కొడుతుంది. జుట్టు కొత్తగా మొలుస్తుందని మాత్రం మాటివ్వలేం. ఆకులోని జిగురు వల్ల మెత్తబడుతుంది, దానికి నూనెకంటే పచ్చి ఆకు ముద్దను కుంకుడు రసంలో కలిపి రుద్దుకోవడమే మేలు.

కొమ్మ నాటి కొత్త మొక్క చేయాలంటే వానలు మొదలయ్యాక, పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడుగు, మూడు కణుపులుండేలా కోసి, పైన రెండాకులే ఉంచి ఇసుకలో గుచ్చండి. నెల, నెలన్నరకు వేరు పడుతుంది. జనవరి చివర తల్లిచెట్టును మూడో వంతు కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి, పువ్వు వాటికే పూస్తుంది.