‘రెయిన్ చెక్’ అన్నవారిని మళ్ళీ పిలవవచ్చా?

అమెరికాలో చాలాకాలంగా ఉంటున్న తెలుగువారి సహాయం కోరుతున్నాను. గత వారం పక్కింటి అమెరికన్ దంపతులను భోజనానికి పిలిచినప్పుడు, ఆవిడ నవ్వుతూ ‘కెన్ వీ టేక్ ఎ రెయిన్ చెక్?’ అన్నారు. ఎండ కాస్తున్న వేళ వాన ప్రస్తావన ఎందుకు వచ్చిందో అర్థం కాక, తల ఊపి వచ్చేశాను.

వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే, మరో రోజు వచ్చి చూసేందుకు ప్రేక్షకులకు 19వ శతాబ్దం చివరి నుంచి ఇస్తూ వచ్చిన చీటీ పేరే అదని, అందుకే ‘ఇప్పుడు కాదు, మరోసారి’ అనే అర్థంలో దాన్ని వాడతారని తరువాత తెలుసుకున్నాను. అర్థం తెలిసింది కానీ ఆంతర్యం తెలియలేదు. మనవాళ్ళు ‘చూద్దాం లెండి’ అంటే చాలాసార్లు అది మొహమాటం కొద్దీ ‘రాలేము’ అని చెప్పడమే. ఈ మాట కూడా అలాంటిదేనా, లేక ఆ చీటీలాగే మరో రోజుకు నిజంగా చెల్లుతుందా? చెల్లేదైతే తేదీ వారు చెప్పేవరకు ఆగాలా, లేక నేనే మళ్ళీ పిలవవచ్చా? వారితో స్నేహం నిలుపుకోవాలని ఉంది కాబట్టి, మీకు ఎదురైన సందర్భాలతో వివరించగలరని ప్రార్థన.