హాబిటాట్ 67 డ్రాయింగులు చూడాలంటే ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నా ప్రాజెక్టు కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న హాబిటాట్ 67 అనే ఇళ్ల సముదాయం మీద. 354 కాంక్రీటు పెట్టెలు పేర్చి 158 ఇళ్లు కట్టారు. ఒకరి ఇంటి పైకప్పు ఇంకొకరికి తోట! దీని ఆర్కిటెక్ట్ మోషే సాఫ్డీ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా రాసిన థీసిస్‌లోంచి ఇది పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన డ్రాయింగులు, నమూనాలు ఆ మెక్‌గిల్‌లోనే భద్రంగా ఉన్నాయి.

నాకు కావలసింది అందమైన బొమ్మలు కాదు, పెట్టెకూ పెట్టెకూ మధ్య అతుకు చూపించే సెక్షన్, అంటే కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు. నా దగ్గరున్న స్కాన్‌లో సరిగ్గా ఆ అతుకు పక్కన రాసిన అంకె మసకబారింది. ఎంత పెద్దది చేసి చూసినా అది 3 ఓ 8 ఓ తేలడం లేదు. ఊహించి రాయడానికి మనసొప్పడం లేదు.

మెక్‌గిల్‌లో డ్రాయింగులు చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఎన్ని రోజుల ముందు మెయిల్ పెట్టాలి? షీట్ నంబరు తెలియకపోయినా వెతికిపెడతారా? ఫోన్‌తో ఫోటో తీసుకోనిస్తారా? థీసిస్‌లో వేసుకోవడానికి విడిగా అనుమతి కావాలా?

అదే ఊళ్లో కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో మరో కెనడా ఆర్కిటెక్ట్ ఆర్థర్ ఎరిక్సన్ డ్రాయింగులు కూడా ఉన్నాయి. రెండూ ఒకే వారంలో చూడటం కుదురుతుందా? టికెట్ ఇంకా కొనలేదు, మీ జవాబు చూశాకే కొంటాను.