అమీగా 500కి సొంత యాక్సిలరేటర్: ‘ఇ’ క్లాక్ దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

నమస్కారమండీ. మాది విశాఖ, పెదవాల్తేరు. మా మేనమామ ఇచ్చిన అమీగా 500 అనే పాత కంప్యూటర్‌ని మళ్లీ బతికించాను. సముద్రగాలికి సాకెట్ కాళ్లకు పచ్చగా చిలుము పట్టేసింది. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటే తోమాను. ఇప్పుడు అందులోని 7.09 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్ బదులు 68హెచ్‌సీ000ని 14.18 దగ్గర నడిపే యాక్సిలరేటర్ (వేగం పెంచే) బోర్డు చేస్తున్నాను.

చిక్కంతా ‘ఇ’ క్లాక్‌తోనే, అంటే నెమ్మదిగా నడిచే చిప్‌ల కోసం వెళ్లే టైమింగ్ సిగ్నల్‌తోనే. ప్రాసెసర్ దాన్ని తన క్లాక్‌లో పదో వంతుగా ఇస్తుంది. వేగం పెంచితే అదీ రెట్టింపై సీఐఏ చిప్‌ల (కీబోర్డు, పోర్టులు చూసుకునేవి) టైమర్లు తప్పుతాయి. అందుకే పాత 7.09 నుంచే సీపీఎల్‌డీలో (మనమే లాజిక్ రాసుకునే చిప్) విడిగా తయారుచేశాను: ఆరు క్లాక్‌లు లో, నాలుగు హై. అయినా తెర బూడిదరంగులోకి వచ్చి అక్కడే నిలిచిపోతోంది. పాత చిప్ పెడితే మామూలుగా నడుస్తోంది.

ఆ చిప్‌లకు అడ్రస్ సిద్ధమని చెప్పే వీఎంఏ సిగ్నల్ కూడా సీపీఎల్‌డీ నుంచే ఇవ్వాలా? డేటా సిద్ధమని ప్రాసెసర్‌కు చెప్పే డీట్యాక్ సిగ్నల్‌ని 7.09 క్లాక్ ఏ అంచు దగ్గర కలపాలి? ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే దయచేసి మీ టైమింగ్ బొమ్మ పెట్టండి.