రాత్రి నడుం వాల్చగానే ఛాతీలో మంట: అమ్మకు ఉపశమనం ఎలా?

ప్రశ్న (గుంటూరు నుంచి):

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 58 ఏళ్లు. కొన్ని నెలలుగా రాత్రి పడుకున్న కాసేపటికే ఛాతీ మధ్యలో మంట మొదలవుతోంది. పుల్లటి తేన్పులతో పాటు ఒక్కోసారి తిన్నది గొంతు దాకా ఎగదన్నడంతో ఆవిడకు నిద్ర ఉండడం లేదు. నాన్నగారు కొట్టు కట్టేసి ఇంటికి వచ్చేసరికి పది దాటుతుంది. ఆయనకు వడ్డించి, తాను కూడా తిని, వంటిల్లు సర్దుకుని అమ్మ వెంటనే పడుకుంటారు. మందుల షాపులో ఇచ్చిన, ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాంటప్రజోల్ బిళ్ళను మంట వచ్చిన రోజున మాత్రమే, అది కూడా భోజనం చేశాక వేసుకుంటున్నారు. తల కింద మూడు దిండ్లు పెట్టుకున్నా గుణం లేదు. ఆవకాయ, గోంగూర, పులుసులు పూర్తిగా మానేయాలని బంధువులు అంటున్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ఏం మారిస్తే ఫలితం ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు):

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అమ్మగారు ఏం తింటున్నారనే దానికంటే ఎప్పుడు తింటున్నారు, ఎలా పడుకుంటున్నారు అనేవే ముందు సరిచేయవలసినవని నా అభిప్రాయం. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. అది మింగినప్పుడు తెరుచుకుని, ఆ తర్వాత బిగుసుకుని, లోపలి ఆమ్లం పైకి రాకుండా ఆపుతుంది. ఈ వలయం వదులైనవారు కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే, కూర్చున్నప్పుడు ఆమ్లాన్ని కిందికి లాగి ఉంచే భూమ్యాకర్షణ సాయం కూడా లేక, అది సులువుగా అన్నవాహికలోకి చేరుతుంది. కాబట్టి భోజనానికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి.

దిండ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మూడు దిండ్లు పెడితే తల, మెడ మాత్రమే లేచి, నడుము దగ్గర శరీరం ముడుచుకుని, పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. దానికి బదులు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలో చెక్క దిమ్మెలో కదలకుండా అమర్చి, ఆ వైపును ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. అప్పుడు భుజాల నుంచి నడుము దాకా ఒకే వాలులో ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు, ఎందుకంటే ఆ భంగిమలో జీర్ణాశయం అన్నవాహిక కంటే దిగువన ఉంటుంది. అమ్మగారు బరువు ఎక్కువగా ఉంటే, కొంత తగ్గినా తేడా తెలుస్తుంది.

ఆమ్లోడిపిన్ కొందరిలో ఆ కండర వలయాన్ని వదులు చేయగలదు. అంతమాత్రాన దాన్ని సొంతంగా ఆపవద్దు. బీపీ చూస్తున్న వైద్యునికి ఈ మంట గురించి చెప్పండి, అవసరమైతే ఆయనే మారుస్తారు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు వాడుతున్నారేమో కూడా కనుక్కోండి, అవి కూడా మంటను పెంచగలవు.

మింగేటప్పుడు ముద్ద అడ్డుపడినట్టు ఉండడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా చూపించాలి, ఎండోస్కోపీ అవసరం కావచ్చు. మంటతో పాటు చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించండి.

జవాబు (విజయవాడ గృహిణి):

మా అత్తగారిదీ ఇదే పరిస్థితి. ఆవిడ చేత ఏడున్నరకల్లా భోజనం చేయించి, మామగారికి వడ్డించే పని మేము తీసుకున్నాక రాత్రి మంట బాగా తగ్గింది. ఆయన తినేటప్పుడు అత్తగారు పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు, కానీ మళ్లీ ఏమీ తినరు. ఆవకాయ విషయంలో అన్నీ ఒకేసారి మాన్పించకండి. తిన్నదీ మంట వచ్చిన వేళా ఒక కాగితం మీద రాసి చూస్తే, మా ఇంట్లో చింతపండు పులుసు కంటే రాత్రి వేపుళ్లు, సాయంత్రం కాఫీ ఎక్కువ బాధ పెట్టాయని తెలిసింది. మీ అమ్మగారికి పడనివి వేరుగా ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మంచం కోళ్ల కింద దిమ్మెలు ఈ వారమే పెట్టిస్తాను. మంట వచ్చినప్పుడు చల్లటి పాలు గాని, ఈనో గాని ఇవ్వవచ్చా? పాంటప్రజోల్ ఎప్పుడు వేసుకోవాలి?

జవాబు (ఫార్మసిస్టు):

చల్లటి పాలు తాగిన కాసేపు హాయిగా అనిపించినా, వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం మళ్లీ ఆమ్లం ఊరేలా చేస్తాయి కనుక పడుకునే ముందు గ్లాసెడు పాలు మంచిది కాదు. ఈనోలో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవారు తరచుగా వాడకూడదు. అప్పటికప్పుడు ఉపశమనానికి డైజీన్, జెలూసిల్ వంటి యాంటాసిడ్ మందు కొంత నయం, అయితే దాని ప్రభావం కొద్దిసేపే ఉంటుంది. ఇతర మందులకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.

పాంటప్రజోల్ పనిచేసే తీరు వేరు. జీర్ణాశయంలో ఆమ్లాన్ని వదిలే పంపులు భోజనంతో చురుకవుతాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి కాబట్టి భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. సాధారణంగా ఉదయం టిఫిన్‌కు ముందు ఇస్తారు. రాత్రి బాధే ఎక్కువైతే రాత్రి భోజనానికి ముందు వేయాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. మంట వచ్చాక ఒక బిళ్ళ వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. వైద్యులు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు రోజూ వాడమంటారు. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మునుపటి కంటే ఎక్కువగా ఊరి, జబ్బు తిరగబెట్టిందన్న భయం కలుగుతుంది, అందుకే మోతాదును క్రమంగా తగ్గిస్తారు. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది కనుక, చీటీ లేకుండా షాపులో కొంటూ పోకుండా ఎన్నాళ్లు వాడాలో ముందే అడిగి రాయించుకోండి.